మనోవ్యాధుల మందులు – మెదడు నేర్పిన పాఠములు

మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు ఆ సంగతిని దాచుకొనరు. పెండ్లి పందిటిలో లడ్డు వడ్డింపవచ్చినవానితో "నాకు చక్కెర జబ్బు, వద్దు నాయనా" అని పదిమంది వినునట్లే చెప్పుదురు. రక్తపుపోటునకు మాత్రలు మింగువారును అంతే. కాని మనస్సునకు సంబంధించిన వ్యాధికి మందు వాడువారి యిండ్లలో ఆ మందుచీటి బీరువాలో చీరల అడుగున నుండును. దాపరికమువలన కలుగు నష్టము పరువునకు సంబంధించినది కాదు, ఆరోగ్యమునకు సంబంధించినది. చేయి వణకినను, నోరెండినను, పగలెల్ల మగతగా నున్నను, అది వ్యాధి లక్షణమో మందు చేసిన పనియో చెప్పువారుండరు. ఒకరిని అడుగుటకు మనస్సొప్పదు. కొన్నాళ్ళు ఓర్చుకొని, ఒకనాడు మందు మానివేయుదురు. చాలమందికి ఆ మీదట వ్యాధి తిరుగబెట్టును.

ఈ మందులు మెదడులో నేమి చేయునో తెలిసినచో ఈ చిక్కు సగము తీరును. మన పాఠశాలలోని పిల్లల తల్లిదండ్రులలో ఇట్టి మందులు వాడువారును, వాడువారిని కనిపెట్టుకొని యుండువారును తప్పక యుందురు. ఈ వ్యాసము ముఖ్యముగా వారికొరకు. ఈ రచయిత యింటను ఒకరు చాలయేండ్లుగా ఇట్టి మందులు వాడుచున్నారు. ఇందలి సంగతులు ఆ యవసరమువలన చదివి తెలిసికొన్నవే.

మెదడు తూకము సుమారు 1,300 మొదలు 1,400 గ్రాములు. దేహపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. కాని దేహము ఖర్చుపెట్టు శక్తిలో నూటికి ఇరువది పాళ్ళు అదియే తీసికొనును. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. వింత యేమనగా, ఈ కణములు చాలవరకు ఒకదానినొకటి తాకవు. నడుమ మిక్కిలి సన్నని సందు ఉండును. కణము లోపల వార్త విద్యుత్తు రూపమున పరుగెత్తును. సందు దగ్గరకు వచ్చినపిమ్మట రసాయనముగా మారి ఆవలి యొడ్డున కెక్కును. 1921లో ఓటో లోవీ అను శాస్త్రజ్ఞుడు రెండు కప్పల గుండెలతో దీనిని నిరూపించెను. ఒక గుండె నాడిని ప్రేరేపింపగా అది నెమ్మదించెను. దానిని ముంచియుంచిన నీటిని రెండవ గుండెకు పోయగా, ఎవరును ముట్టుకొనకయే అదియు నెమ్మదించెను. వార్త నీటిలో నున్నదన్నమాట! ఇట్టి రసాయనములను మనము దూతలందము. ఆవలియొడ్డున దూతను అందుకొను తావును గ్రాహకమందురు. మనోవ్యాధుల మందులలో చాలవరకు ఈ సందు దగ్గరనే పనిచేయును. కొన్ని దూతల నిలువలను ఖాళీ చేయును, కొన్ని గ్రాహకముల ద్వారము మూయును, కొన్ని వచ్చిన దూత వెనుకకు మరలిపోకుండ ఆపును.

ఈ రహస్యములలో ఒకటి బయటపడుటకు మన దేశపు మొక్క యొకటి తోడ్పడినది. సర్పగంధి, పాతాళగంధి అను పేర్లు గల ఆ మొక్క వేరును మన వైద్యులు ఉన్మాదమునకు చిరకాలముగా వాడుచుండిరి. 1931లో గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ అను వంగదేశీయులు, ఈ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ సంవత్సరమే సలీముజ్జమాన్ సిద్దీఖీ ఢిల్లీలో ఆ వేరునుండి కొన్ని క్షారములను వేరుచేసెను. 1952లో స్విట్జర్లాండు దేశపు సీబా సంస్థవారు అందుండి రిసర్పిన్ అను సారమును తీసిరి. 1954లో నేథన్ క్లైన్ న్యూయార్కు రాష్ట్రపు మానసిక వైద్యశాలలో దానిని వాడి ఫలితములు ప్రకటించిన తరువాత అది లోకమంతట వ్యాపించినది.

అయితే, ఆ మందు పుచ్చుకొన్నవారిలో కొందరికి చేతులు వణకసాగెను, ముఖము బిగిసెను, నడక మందగించెను. వృద్ధులకు వచ్చు వణకు జబ్బువలె నుండెను. కొందరు లోతైన దిగులులో పడిరి. మందు చెడ్డదని పారవేసినచో కథ అంతటితో ముగిసెడిది. స్వీడన్ దేశీయుడగు ఆర్విడ్ కార్ల్‌సన్ అట్లు చేయక, ఎందువలన నిట్లగుచున్నదని విచారించెను. 1957లో ఆయన కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చెను. అవి చెవులు వ్రేలవేసి కదలక పడియుండెను. పిదప ఎల్‌డోపా అను పదార్థము నెక్కింపగా కొద్ది నిమిషములలో లేచి తిరుగాడెను. ఎల్‌డోపా మెదడులో డోపమీన్ అను దూతగా మారును. రిసర్పిన్ ఆ దూత నిలువలను ఖాళీ చేయుటచేతనే కుందేళ్ళు కదలలేకపోయెనని తేలినది. 1960లో వియన్నా నగరమున హార్నికీవిచ్ అను శాస్త్రజ్ఞుడు, వణకు జబ్బుతో మరణించినవారి మెదడులో కదలికలను నడపు భాగమునందు డోపమీన్ మిక్కిలి తగ్గియుండుట చూపెను. ఆ జబ్బునకు నేటికిని ముఖ్యౌషధము ఎల్‌డోపాయే. 2000 సంవత్సరమున కార్ల్‌సన్‌కు నోబెల్ బహుమానములో భాగము లభించినది. మానసిక వైద్యశాలలో రోగులకు కలిగిన బాధయే వేరొక వ్యాధికి మందు చూపినదన్నమాట.

ఇందులో మనకు దగ్గర సంగతి మరియొకటి కలదు. దురదకే పేరుమోసిన దూలగొండి గింజలలో ఈ ఎల్‌డోపా పుష్కలముగా నున్నదని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అను రసాయనజ్ఞులు వేరుచేసి చూపిరి. ఒక మొక్క డోపమీన్‌ను ఖాళీ చేయును, వేరొకటి నింపును. రెండును మన నేలవే. ఇది చదివి ఎవరును చెట్టుమందుగా వీనిని స్వయముగా వాడుకొనరాదు. వాడుచున్న మాత్రలతో కలిసినచో ఇవి రెండును హాని చేయును.

రిసర్పిన్ వచ్చిన కాలముననే ఫ్రాన్సు దేశమున క్లోర్‌ప్రోమజీన్ వచ్చినది. దానిని 1950 డిసెంబరులో తయారుచేసిరి. 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అను వైద్యులు ఉన్మాదరోగులకు వాడి మేలు గనిరి. సంకెళ్ళలో నుండినవారు కొందరు ఇండ్లకు వెళ్ళగలిగిరి. ఇది నిలువలను ఖాళీ చేయునది కాదు, డోపమీన్ గ్రాహకముల ద్వారము మూయునది. కాని ఫలితము అదియే: చేతివణకు, ఒడలి బిగువు. మేలు చేయు పనియు బాధపెట్టు పనియు ఒకే తలుపు దగ్గర జరుగుచున్నదని దీనివలన తెలిసినది.

ఇందుకు మన కెలవరపల్లి ఆనకట్ట నుదాహరణగా తీసికొందము. దక్షిణ పినాకిని నీరు అక్కడ నిలిచి కాలువలగుండ పొలములకు పోవుచున్నది. ఒక పొలములో నీరు ఎక్కువై పైరు కుళ్ళుచున్నదనుకొనుడు. ఆ పొలపు మడవ ఒక్కటియే కట్టుటకు వీలులేక, తూమునే సగము దించినచో, ఆ పైరు నిలుచును గాని తక్కిన కాలువల క్రింది పొలములు ఎండును. మెదడులో డోపమీన్ ముఖ్యముగా నాలుగు కాలువలుగా పారును. ఒకటి భావోద్వేగములకు, ఒకటి ఆలోచనకు, ఒకటి కదలికలకు, నాలుగవది స్త్రీల ఋతుక్రమమును పాల ఉత్పత్తిని అదుపుచేయు గ్రంథికి. లేనిమాటలు వినబడుట, లేని శత్రువులు తోచుట మొదటి కాలువ పొంగువలన ననియే చాలవరకు భావించుచున్నారు. వ్యాధికి అదియొకటే మూలమని చెప్పుటకు వీలులేదు గాని, మందు పనిచేయుట మాత్రము అక్కడనే. తూము దించగానే మూడవ కాలువ ఎండి చేయి వణకును. నాలుగవది ఎండి ముట్టు నిలిచిపోవును, బాలెంతరాలు కానివారికిని పాలు రావచ్చును. గర్భమని భయపడి కన్నీరు పెట్టుకొన్న యువతులు కలరు. తెలిసియుండిన ఒక్క రక్తపరీక్షతో ఆ భయము తీరెడిది.

తూమును ఎంతవరకు దించవలెను? సజీవుని మెదడును చిత్రించు యంత్రములు వచ్చిన పిదప దీనికిని లెక్క దొరకినది. గ్రాహకములలో సుమారు నూటికి 65 మూతబడిననే గాని చాలమందికి మేలు కనబడదు. 80 దాటినచో వణకును బిగువును మొదలగును. నడుమ నున్నది ఆ సన్నని గట్టు మాత్రమే. వైద్యుడు మాత్ర పరిమాణమును మెల్లమెల్లగా మార్చుచు నెలనెల రమ్మనుట ఈ గట్టుమీద నడుచుటకే. తొందరగా నయము కావలెనని ఇంటివారు రెండు మాత్రలు ఒక్కసారి వేసినచో గట్టు తప్పి క్రింద పడుదురు.

మందు ఆరంభించిన మొదటి దినములలో కొందరికి, ముఖ్యముగా యువకులకు, మెడ ఒకప్రక్కకు తిరిగిపోవును, కనుగ్రుడ్లు పైకి నిలిచిపోవును. చూచువారు గాలి సోకినదందురు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయినచో ఒక సూదిమందుతో చాలమందికి నిమిషములలో కుదురును.

ఇంతకన్న కనిపెట్టుట కష్టమైనది మరియొకటి కలదు. దానిని కుదురులేమి అందము. కాళ్ళలో చీమలు ప్రాకుచున్నట్లు, లోపల నేదో తరుముచున్నట్లు ఉండును. కూర్చుండిన లేవవలెననిపించును, లేచిన నడవవలెననిపించును. నడచుచున్నంతసేపు కొంచెము ఉపశాంతి. నిద్రకు పడుకొన్నను కాళ్ళు ఆడించుచునే యుందురు. ఇది మందువలన వచ్చునది. కాని ఇంటివారికి ఇది వ్యాధి ముదిరినట్లే కనబడును. "రాత్రియెల్ల నడయాడుచున్నాడండీ" అని వైద్యునితో చెప్పుదురు. ఆ మాటనుబట్టి మందు పెంచినచో కుదురులేమియు పెరుగును. ఈ బాధ కొందరికి బ్రదుకుమీదనే విసుగు పుట్టించునంత తీవ్రమగును గనుక ఆలస్యము కూడదు. వైద్యుడు మోతాదు తగ్గింపవచ్చును, మందు మార్పవచ్చును, రక్తపుపోటునకు వాడు ప్రొప్రనలాల్ వంటిది చేర్పవచ్చును.

మా యింట జరిగినది ఇదియే. ఒక పెద్ద ఆసుపత్రిలో మా వాడు "కాళ్ళు నిలువనీయవు" అని తెలుగులో చెప్పెను. వైద్యునకు తెలుగు రాదు. ప్రక్కనున్నవారెవరో దయతో తమ భాషలో దానిని "చిరాకు పడుచున్నాడు" అని చెప్పిరి. మందు పెరిగినది. మరుసటి నెల ఎప్పుడు మొదలైనది, మాత్ర వేసికొన్న ఎన్ని గంటలకు ఎక్కువగుచున్నది, నడచినచో తగ్గుచున్నదా అను మూడు సంగతులు కాగితముపై వ్రాసికొనిపోయి, తెలుగు తెలిసిన నర్సుచేత చదివించితిమి. మోతాదు తగ్గినది, పదిదినములలో కుదుటపడెను. ఇంట తెలుగు, కచ్చేరిలో తమిళము, బెంగుళూరు ఆసుపత్రిలో కన్నడమో ఇంగ్లీషో మాటలాడు మనవంటివారికి బాధ చెప్పుకొనుటలోనే సగము బాధ.

తక్కిన ఫలితములను క్లుప్తముగా చెప్పుదును. ఒకే మందు అనేక దూతల ద్వారములను తాకును. హిస్టమీన్ ద్వారము మూసినచో నిద్రమత్తును ఆకలియు పెరుగును. రక్తనాళములను బిగించు ద్వారము మూసినచో పడకనుండి లేవగానే కండ్లు తిరుగును. కనుక రెండు నిమిషములు మంచముపై కూర్చుండి లేవవలెను. అసిటైల్‌కోలిన్ ద్వారము మూసినచో నోరెండును, మలబద్ధకమగును, దగ్గరి అక్షరములు మసకగా కనబడును, జ్ఞాపకము మందగించును. వణకు తగ్గుటకని ఇచ్చు ట్రైహెక్సిఫెనిడిల్ కూడ ఈ కడపటి పనియే చేయును. బరువు విషయము తేలికగా తీసికొనరాదు. ఒలాంజపీన్, క్లోజపీన్ వంటి క్రొత్త మందులలో వణకు తక్కువ గాని, బరువును రక్తములోని చక్కెరయు పెరుగుట హెచ్చు. క్లోజపీన్ కొందరిలో తెల్లరక్తకణములను తగ్గించును. 1975లో ఫిన్లండు దేశమున కొందరు మరణింపగా దానిని పలుచోట్ల ప్రక్కకు పెట్టిరి. ఇతర మందులకు లొంగని వ్యాధికి అది పనిచేయుట 1988లో రుజువైన పిదప, రక్తపరీక్ష నియమముతో మరల తెచ్చిరి. జ్వరము, గొంతునొప్పి వచ్చినచో ఆ మందు వాడువారు ఆ దినమే వైద్యునకు తెలుపవలెను. బీడీ త్రాగువారికి వేరొక చిక్కు: పొగ ఈ రెండు మందులను దేహములో త్వరగా కరగించును. బీడీ మానిన మంచిదే. కాని మానిన సంగతి వైద్యునితో చెప్పనిచో పాత మోతాదే ఎక్కువై కూర్చుండును.

లిథియం కథ మన యెండలకు సంబంధించినది. ఉన్మాదోత్సాహమునకు అది పనిచేయునని 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ కనుగొనెను. లిథియం ఉప్పునకు చుట్టము. మూత్రపిండములు రెండింటిని ఒకే తీరున చూచును. చెమటవలన గాని, వాంతులు విరేచనములవలన గాని, కటిక ఉపవాసమువలన గాని దేహములో నీరు, ఉప్పు తగ్గినచో మూత్రపిండములు లిథియమును కూడ పట్టి ఉంచును. రక్తములో దాని మట్టము పెరిగి విషమగును. చేయి పెద్దగా వణకుట, మాట తడబడుట, తూలుట, వాంతి దాని గురుతులు. ఆ మీద మాత్ర వేయక ఆసుపత్రికి పోవలెను. కృష్ణగిరి మామిడితోటలలో మేనెల యెండకు పనిచేయువారు ఈ మందు వాడుచున్నచో నీటికి, ఉప్పునకు లోటు రానీయరాదు. ఒడలినొప్పులకు అంగడిలో కొను ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలును ఈ మట్టమును పెంచును.

దిగులునకిచ్చు మందులలో ఫ్లూక్సెటీన్ వంటివి సెరొటోనిన్ అను దూత మరలిపోకుండ ఆపును. ఈ పని గంటలలోనే జరుగును. మనస్సు తేలికపడుటకు మాత్రము కొన్ని వారములు పట్టును. కనుక సెరొటోనిన్ తక్కువగుటయే దిగులు అను మాట పూర్తిగా సరికాదు; ఆ వారములలో మెదడు తన అల్లికనే మెల్లగా సరిచేసికొనుచున్నదని శాస్త్రజ్ఞుల ఊహ. వికారము, నిద్రలేమి మొదటి వారముననే వచ్చును, మేలు తరువాత వచ్చును. మందు పనికిరాదని చాలమంది ఆ నడుమనే విడుతురు. ఇరువదియైదేండ్లలోపు వారిని ఆ తొలి వారములలో కంట కనిపెట్టి యుండవలెను. దాంపత్యమునకు సంబంధించిన యిబ్బంది కలిగి, సిగ్గుచే చెప్పలేక మానువారును కలరు. హఠాత్తుగా మానినచో తల తిరుగుట, తలలో కరెంటు తగిలినట్లగుట కలుగవచ్చును. తగ్గింపదలచినచో వైద్యుని సలహాతో మెట్లు మెట్లుగా తగ్గింపవలెను.

ఇక పాఠశాల సంగతి. మందు వాడు విద్యార్థి మొదటి పీరియడులో కునుకుచున్నచో సోమరియని అనరాదు. రాత్రి వేసిన మాత్ర ఉదయము పదిగంటలదాక నిలువవచ్చును. మాత్రను రాత్రి మరికొంత ముందుగా వేయవచ్చునా యని తల్లిదండ్రులు వైద్యుని అడుగవచ్చును. చేతివ్రాత చెదరినచో వణకు కారణము కావచ్చును. సన్నని అక్షరములు చదువలేకున్నచో కంటిజోడు కొనుటకు ముందు మందుచీటి చూపవలెను. నీళ్ళసీసా బల్లపై పెట్టుకొనుటకు అనుమతి చాలు, పిల్లవానికి కొంత సుఖము. ఇట్టి స్థితిలో చదువుకొను పెద్దలకు గాని పిన్నలకు గాని, మగత తగ్గిన వేళను చూచుకొని కొద్ది కొద్దిగా చదివి, చేతితో వ్రాసి, కంటినిండ నిద్రించుట మేలు. నేర్చినది నిలుచునట్లు మెదడు చేయు పనిలో చాలభాగము నిద్రలో జరుగును.

2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనవారు చాలమంది ఎరుగరు. అది 2018 మే 29న అమలులోనికి వచ్చినది. వ్యాధి యెట్టిదో, ఇవ్వబోవు చికిత్స యేమిటో, దానివలన కలుగునని తెలిసిన దుష్ఫలితములు ఏవో తెలిసికొనుటకు రోగికి హక్కు కలదు. అంతేకాక ఆ సమాచారము రోగికి అర్థమగు భాషలో, అర్థమగు రీతిలో చెప్పవలెనని అందు స్పష్టముగా నున్నది. కనుక తెలుగులో చెప్పుడని అడుగుట దయాభిక్ష కాదు. అడుగుటకు ఈ ప్రశ్నలు చాలును: ఈ మందు పేరేమి? మేలు ఎన్నాళ్ళకు కనబడును? మొదట ఏ యిబ్బంది రావచ్చును? ఏది వచ్చిన వెంటనే రావలెను? ఒక పూట మరచినచో ఏమి చేయవలెను? గర్భము ధరింపనున్న స్త్రీ దీనిని వాడవచ్చునా? ఈ కడపటి ప్రశ్న వాల్‌ప్రోయేట్ వాడువారికి మరీ ముఖ్యము. అది గర్భస్థ శిశువునకు హాని చేయును. సలహాకొరకు 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ అను ప్రభుత్వ సేవ కలదు. 14416 సంఖ్యకు ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును, భాషను ఎన్నుకొనవచ్చును.

బెంగుళూరులోని నిమ్హాన్స్ మన ఊరి పేరుగల హోసూరు రోడ్డుమీదనే యున్నది. పాత మానసిక వైద్యశాలయు, 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థయు 1974లో కలిసి ఈ సంస్థ అయినది. అందు మానవ మెదడుల ప్రదర్శనశాల యొకటి కలదు. హోసూరునుండి నలువది కిలోమీటర్ల దూరము. వేళలను ముందుగా విచారించుకొని, ఈ యేడు తొమ్మిదవ తరగతి పిల్లలను అక్కడికి తీసికొనిపోవలెనని, వెంట రాదలచిన తల్లిదండ్రులకును చోటీయవలెనని సంఘమువారిని కోరుచున్నాను.